జోఫియా వెళ్లిపోయాక

పొద్దున్నే గెనోవెఫా చేసే మొదటి పని, కిటికీ తెరిచి బయట వేలాడే థర్మామీటరును గోటితో రెండుసార్లు కొట్టడం. అది అబద్ధం చెబుతుందేమోనని ఆమె అనుమానం. టీ ఆ తరువాతే.

సువావ్‌కీ ఊళ్లో చలి రావడానికి తొందర, పోవడానికి బద్ధకం. మే పదిహేనున పునీత జోఫియా పండుగ దాటేదాకా అక్కడ ఎవరూ టమాటా నారు నాటరు. వెళ్తూ వెళ్తూ జోఫియా చలిని కూడా వెంటబెట్టుకుపోతుందంటారు.

గెనోవెఫా దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన టమాటా విత్తనం ఉండేది. గులాబి రంగు, ఎద్దు గుండెకాయంత కాయ. "గడప దాటించకే," అని అమ్మ చెప్పిపోయింది. తీగ కంచెకు అవతలి తోట చెల్లెలు కాజ్యాది. కాజ్యా ఏటా అడిగేది. ఈమె ఏటా లేదనేది.

మూడేళ్ల కిందటి మాట. అంతకుముందు రెండేళ్లు వానలకు కాయలు కుళ్లి కొత్త విత్తనం దక్కలేదు. డబ్బాలో మిగిలిందంతా ఆ మార్చిలోనే నారు పోసేసింది. ఇరవై ఆరు మొక్కలు లేచాయి. కిటికీ గట్టు మీద పెరుగు కప్పుల్లో పసిపిల్లల్లా సాకి, మే పదహారున నాటింది.

వారం తిరిగాక ఒక సాయంత్రం కంచె అవతల నుంచి కాజ్యా కేకేసింది.

"అక్కా, ఈ రాత్రి సున్నా కిందికి పోతుందట. పాత కర్టెన్లున్నాయి, ఇవ్వనా? మొక్కల మీద కప్పు."

"జోఫియా పోయి వారమైందే! నువ్వు టీవీని నమ్ముకో, నేను అమ్మ మాట నమ్ముకుంటా."

"అమ్మే ఉంటే తన శాలువా తీసి కప్పేది."

"ముల్లంగి పండించడం రానిదానివి, నాకు చెప్పొచ్చావా!"

మర్నాడు థర్మామీటరును నాలుగుసార్లు కొట్టింది. మైనస్ మూడు దగ్గరే నిలిచింది. తోటలో మొక్కలన్నీ ఉడికించిన ఆకుకూరలా నల్లగా వాలిపోయి ఉన్నాయి. ఒక్కటీ తిప్పుకోలేదు.

ఆగస్టులో కాజ్యా తోటలో, కంచె పక్కనే, గులాబి రంగు గుండెకాయలు వేలాడాయి.

"ఇవెక్కడివే?"

"తొమ్మిదేళ్ల కిందట నీ కంచె మీంచి కోసుకున్న కాయవి. దొంగ విత్తనమే బాగా నాటుకుంటుందంటారుగా! ఇన్నాళ్లూ షెడ్డు వెనక దాచి పెంచా."

"దొంగముండా!"

"దొంగనే. ఈ దొంగ లేకపోతే అమ్మ టమాటా ఈ భూమ్మీదే లేదు. నోరు తెరిచి అడుగక్కా, దోసెడు ఇస్తా. ముప్పై ఏళ్లు నేను అడగలేదూ?"

గెనోవెఫా నోరు తెరిచింది. అడగాలనే తెరిచింది.

"నీ తోటలో కలుపు పెరిగింది, చూసుకో," అని వచ్చేసింది.

ఇప్పుడు ఆమె మడిలో బంగాళదుంపలు, సోయకూర. టమాటాలు బజారులో కొంటుంది.