నువ్వుల సీసాలో నల్ల గింజలు

మా అన్నయ్య పోయారు. తోడబుట్టిన అన్న కాదు. మా ఆడపడుచు భర్త, వరసకు అన్నయ్య. ఫ్రీమాంట్‌లో కొడుకు ఇంట్లో పొద్దున్నే కాఫీ తాగి, కప్పు సింక్‌లో పెట్టబోతూ కూలిపోయారట. ఫోను వచ్చేసరికి శాన్ రామన్‌లో మా ఇంట్లో నేను దేవుడికి దీపం పెడుతున్నాను. వత్తి చేతిలోనే ఉండిపోయింది.

నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. ఇప్పుడు రాయడానికి కారణం ఆయన కొడుకు ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన మెసేజ్. "నాన్నకి రాళ్లు ఏరడం హాబీ. హ్యాపీగా బతికారు, హ్యాపీగా వెళ్లిపోయారు" అని పెట్టాడు. దాని కింద అందరూ దండాలు, పూలు పెట్టారు. నేనూ దండం పెట్టాను. పెట్టిన దగ్గర్నుంచీ మనసు మండుతూనే ఉంది. ఆయన హ్యాపీగా వెళ్లలేదు. అది హాబీ కాదు. ఈ మాట ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

అన్నయ్య వయసులో ఉండగా కృష్ణా జిల్లాలో క్రోమియం తీసే ఒక క్రోమైట్ గనిలో భూగర్భ శాస్త్రం చదివిన ఉద్యోగి. అక్కడే ఒకనాడు సూక్ష్మదర్శినిలో, క్రోమైట్ గింజ కడుపులో చిన్న చుక్కను చూశారు. లారైట్ అంటారట దాన్ని. ప్లాటినం జాతి లోహాల్లో ఒకటైన రుథీనియం, గంధకం కలిసిన ఖనిజం. పైకి పోయిన నివేదికలో పై అధికారి పేరుంది, ఈయన పేరు లేదు. తరవాత ఇక్కడికి, అమెరికా వచ్చి పదవీ విరమణ దాకా చేసిందల్లా కొత్త ఇళ్ల పునాదుల కింద మట్టిని పరీక్షించడం. "మట్టి గట్టిదా మెత్తదా చెప్పు చాలు, అది ఎక్కడ పుట్టిందో ఎవడడిగాడు నిన్ను అన్నారమ్మా మా ఆఫీసువాళ్లు" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఆ చుక్కను మాత్రం ఆయన వదల్లేదు. కాలిఫోర్నియా ఉత్తరాన ట్రినిటీ నదిలో కలిసే వాగుల్లో ఈ లారైట్ గింజలు దొరుకుతాయని చదివి, సెలవు దొరికితే చాలు అక్కడికి బయల్దేరేవారు. వదిన బతికున్నన్నాళ్లూ నన్నూ తీసుకెళ్లేవారు. పులిహోర డబ్బా, చాపలు, ఇసక గాలించడానికి నా స్టీలు పళ్లెం. ఆయనకు ఆకుపచ్చ ప్లాస్టిక్ పళ్లెం ఉండేది గాని, దాంతో నాకు కుదిరేది కాదు.

"చెల్లెమ్మా, బియ్యం గాలించినట్టే గాలించు. తొందరపడకు."

"బియ్యంలో రాయి అడుగున మిగిలితే పారేస్తాం అన్నయ్యా!"

"ఇక్కడ ఆ రాయే మన అన్నం. తేలికది పోనీ. బరువున్నదే మిగులుతుంది."

వదిన గట్టు మీంచి అందుకునేది. "మీ అన్నాచెల్లెళ్లు కలిసి నది మొత్తం మన గరాజ్‌లోకి తెచ్చేట్టున్నారు. బంగారం దొరికితే చెప్పండి, లేస్తాను."

"బంగారం కాదోయ్, దాని పెద్దన్న. బంగారాన్ని కరిగించే ఆమ్లంలో వేసినా చెక్కుచెదరదు. ఒకాయన తన స్నేహితుడి భార్య పేరు పెట్టాడు దీనికి. నాకే కొత్త రాయి దొరికితే నీ పేరే పెడతాను."

"ముందు నన్ను పేరు పెట్టి పిలవండి, ఓయ్ అనకుండా!" అనేది వదిన.

గాలించగా నల్ల ఇసక మిగిలేది. దాని మీద ఫ్రిజ్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి తిప్పేవారు. "అంటుకున్నది మనది కాదు" అనేవారు. మిగిలినదాన్ని భూతద్దం కింద చూపించేవారు. భూమి లోపల ఎంతో లోతున పుట్టి, రాయితోపాటు పైకొచ్చి, రాయి అరిగిపోయినా తాను అరక్కుండా నీళ్ల వెంట వచ్చిన గింజలు. గసగసాల కన్నా చిన్నవి. ఇనుములా నలుపు, కాని ముఖాలు అద్దాల్లా ఉంటాయి. ఏరిన చోటు వెంటనే చీటీ మీద రాసి సీసాకు అంటించేవారు. "ఎక్కడ దొరికిందో చెప్పలేని రాయి అనాథ చెల్లెమ్మా. ఎంత గొప్పదైనా ఎవరూ ఇంట్లోకి రానివ్వరు."

ఆయన కోరిక ఒక్కటే. ఒక కాలేజీ ఖనిజాల బీరువాలో ఆ గింజలు ఉండాలి. పక్కన చిన్న కార్డు మీద ఖనిజం పేరు, వాగు పేరు, ఏరినవాడి పేరు ఉండాలి. ఎన్నో ఏళ్లు రాయగా చివరికి వాళ్లు రమ్మన్నారు. "ఈసారి నా పేరుంటుందమ్మా" అని నాకు ఫోను చేసి చెప్పారు. వెళ్లాల్సిన వారం రాకముందే వెళ్లిపోయారు.

కాలేజీకి ఇవ్వబోయే ఆ గింజల సీసాను దేవుడి గూట్లో పెట్టుకున్నారు. ఇంట్లో ఎవరూ సర్దని చోటు అదొక్కటేనని. ఇండియన్ స్టోర్ నువ్వుల సీసా అది. ఒక పక్క స్టోర్ లేబుల్, ఇంకో పక్క ఆయన చీటీ.

పదోరోజు కర్మ ఫ్రీమాంట్ ఇంటి పెరట్లోనే జరిగింది. నేను లోపల పిండాలకు అన్నం వండుతున్నాను. నువ్వులు తక్కువయ్యాయన్నారు పంతులుగారు, ఫోనులో చూసి చదువుతున్న మంత్రం మీంచి కళ్లెత్తకుండా. కర్మ చేస్తున్న కొడుకు, మా మేనల్లుడు, తడిబట్టలతో లోపలికి పరుగెత్తి, గూట్లో కనిపించిన సీసా తీసుకెళ్లాడు. ఏడ్చి ఏడ్చి వాడి కళ్లు వాచి ఉన్నాయి. నేను అన్నం గిన్నెతో బయటికొచ్చేసరికి బొటనవేలి పక్కనుంచి ఆఖరి నీళ్లు వదులుతున్నాడు. పళ్లెంలో అడుగున నల్లగా పేరుకున్నాయి. నువ్వులైతే కొన్నైనా తేలాలి.

"ఆ నువ్వులు పాడైపోయినట్టున్నాయి అత్తా. ఇసకలా తగిలాయి. సీసా ట్రాష్‌లో వేసేశా" అన్నాడు తరవాత.

తండ్రికి నీళ్లు వదిలిన చేతిని పట్టుకుని ఏమని చెప్పను? పళ్లెంలో నీళ్లు నిమ్మచెట్టు మొదట్లో పోశారు. అప్పటికి ట్రాష్ బండి వచ్చి వెళ్లింది. చీటీ కూడా పోయింది.

"నీకేమైనా గుర్తుగా కావాలా అత్తా?" అంటే భూతద్దం అడిగి తెచ్చుకున్నాను.

తరవాత ఒకరోజు, వాడు ఆఫీస్‌కి వెళ్లాక, తులసికి నీళ్లు పోస్తానని వెళ్లి, నిమ్మచెట్టు కింది మట్టి కవర్లో ఎత్తుకొచ్చాను. పితృదేవతలకు వదిలినదాన్ని తిరిగి తీసుకోకూడదని నాకు తెలుసు. పాపం నాకే రానీ స్వామీ అని దండం పెట్టి తీశాను. మా పెరట్లో కూర్చుని, అదే స్టీలు పళ్లెంలో, తొందరపడకుండా గాలించాను. అయస్కాంతం తిప్పాను. కదలనివి కొన్ని మిగిలాయి. భూతద్దం కింద వాటి ముఖాలు అద్దాల్లా ఉన్నాయి.

కాలేజీకి ఫోను చేశాను. ఖనిజాల బీరువా చూసుకునే ఆవిడ నా ఇంగ్లీషుకు విసుక్కోకుండా విన్నది. సానుభూతి చెప్పింది. పెరటి మట్టిలో కలిసి, చీటీ పోయినవి ఎక్కడివో కార్డు మీద రాయలేం, తీసుకోలేమంది. అన్నయ్య మాటే ఆవిడ నోట విన్నాను. పంతులుగారితో అంటే, "ఆయనవి ఆయనకే చేరాయమ్మా, బాధపడకండి" అన్నారు. దేవుణ్ణి నమ్మినదాన్నే, ఆ మాట మింగలేకపోతున్నాను. ఆయనకు కావలసింది తర్పణం కాదు, ఒక కార్డు.

ఈ కాగితాలు చేతికి దొరికినవాళ్లు పారేయకుండా దాచండి. ఆ గింజలు ట్రినిటీ నదిలో కలిసే, పేరు నాకు గుర్తులేని వాగులో, పెద్ద బండ వెనక మలుపులో దొరికాయనీ, ఏరింది మా అన్నయ్యేననీ చెప్పే చీటీ ఇక ఇదే. ఆయన పూర్తి పేరు కాగితం వెనక రాశాను. మా మేనల్లుడికి మాత్రం చూపించకండి. వాడి మీద నా కోపం తీరలేదు. అయినా తండ్రికి తన చేత్తో వదిలినవి నువ్వులేనని వాణ్ణి అనుకోనివ్వండి.

గింజలు మా దేవుడి గూట్లో కుంకుమ భరిణె మూతలో ఉన్నాయి. దీపం గాలికి ఊగినప్పుడల్లా ఒకటి మెరిసి నల్లబడుతుంది, పక్కది మెరుస్తుంది.