ఆల్బ్ కొండ మీద ఆండీస్ పూట

ఈ ప్రయాణం అసలు మాది కాదు, మా పై అంతస్తులో ఉండే శ్రావణి వాళ్లది. శ్రావణీ వాళ్లాయనా ఇక్కడ బ్యోబ్లింగెన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తారు. కరోనా మొదలైన ఏడాది పెరూ దేశం వెళ్లి ఇంకా అనే పాతకాలపు రాజుల కోటలు చూడాలని టికెట్లు కొనుక్కున్నారు. విమానాలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది జూన్‌లో ఆంక్షలు సడలగానే ఆ ముచ్చట దగ్గర్లోనే తీర్చుకుందామని ఒక రోజు యాత్ర వెతుక్కున్నారు. ష్వేబిషె ఆల్బ్ కొండల మీద పాత కోట శిథిలాలు చూడటం, పక్క ఊళ్లో పెరూ ఆవిడ నడిపే అల్పాకాలనే ఉన్ని జంతువుల ఫారానికి వెళ్లడం, వాళ్ల పల్లె ఆచారాలు తెలుసుకుని వాళ్ల వంట తినడం. అన్నిటికీ ఆవిడే గైడు.

శుక్రవారం సాయంత్రం శ్రావణి బాల్కనీలోంచి వంగి కేకేసింది.

"ఆంటీ, పాప పోయే కీటా బడిలో ఎవరికో పాజిటివ్ అంట. మేమంతా క్వారంటైన్. రేపటి బుకింగ్ వేస్ట్ అయితది, మీరూ అంకులూ పోయి రండి."

నాకు వెళ్లాలని లేదు. జనవరిలో మా ఇద్దరికీ కరోనా వచ్చి పోయింది. నాకు ఆయాసం మిగిలింది. సాయంత్రం ఆఫీసుల్లో క్లీనింగ్ పనికి వెళ్లి వస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా ఒళ్లు లేవదు. మా ఆయన కొమురయ్య సంగతి ఇంకా కష్టం. ఆయన ఇరవై ఏళ్లుగా స్టుట్‌గార్ట్‌లో ఒక ఇండియన్ హోటల్లో వంటవాడు. జ్వరం తగ్గేసరికి వాసన పోయింది, దానితో పాటు రుచీ పోయింది. కొన్నాళ్లకు ఒకే ఒక్క వాసన తిరిగి వచ్చింది, అదీ అబద్ధపు వాసన. ఏదీ మాడకపోయినా మాడినట్టే ఉంటుంది ఆయనకు. పొయ్యి వెలిగించకుండానే వంటింట్లోకి వెళ్లి చూసి వస్తాడు.

లాక్‌డౌన్‌లో మూతపడ్డ హోటల్ వచ్చే గురువారం మళ్లీ తెరుస్తున్నారు. ఓనర్ ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే ఈయన "ఏక్‌దమ్ ఠీక్" అన్నాడు. గురువారం లోగా నాలుక బాగుపడాలి, లేదా ఓనర్‌కు నిజం చెప్పాలి. మొదటిది ఆయన చేతుల్లో లేదు. రెండోది చేయడానికి నోరు రావడం లేదు.

"కొత్త తిండి తింటే నాలుక తెరుసుకుంటదేమో. పోదాం పా" అన్నాడు. ఆ ఆశ మీదే బయల్దేరాం.

శనివారం ఉదయం ఏడున్నరకు బ్యోబ్లింగెన్ స్టేషన్‌లో ఎస్ వన్ బండి ఎక్కాం. ఇద్దరికీ కలిపి గ్రూప్ డే టికెట్ తీసుకుంటే బస్సులక్కూడా అదే సరిపోతుంది, ఇరవై యూరోలకు లోపే. స్టుట్‌గార్ట్ మీదుగా కిర్చ్‌హైమ్ దాకా బండి మారే పని లేదు. గంటకు పైగా మాస్కులతో కూర్చోవాలి. పెట్టెలో మాతో కలిపి అయిదారుగురమే. నాకు చదువు నలభై ఏళ్లు దాటాక ఈ దేశంలోనే వచ్చింది కాబట్టి స్టేషన్ పేర్లు ఇప్పటికీ ఒక్కటీ వదలకుండా చదువుతాను. ఎస్లింగెన్ దాటాక మా ఆయన తల తిప్పి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందో మాడుతున్నది."

"కరెంటు బండి ఇది. బొగ్గుల బండి కాదు. ఏం మాడుతది?"

"బ్రేకులు కావచ్చు."

"నీ బ్రేకులే. పండుకో జర."

ఎదుటి వరసలో కూర్చున్న ముసలాయన మా వైపు చూసి మాస్కు ఇంకా పైకి లాక్కున్నాడు.

కిర్చ్‌హైమ్‌లో చిన్న బండి మారి ఓబర్‌లెన్నింగెన్‌లో దిగాం. అక్కడి నుంచి బస్సు మలుపులు తిరుగుతూ కొండెక్కుతుంది. శని, ఆదివారాల్లో బస్సులు తక్కువ. ఒకటి తప్పితే చాలాసేపు బెంచీ మీద కూర్చోవాల్సిందే కాబట్టి వెళ్లేవాళ్లు వేళలు చూసుకుని వెళ్లండి. బస్సులో చిక్కుడుకాయల బుట్టతో ఉన్న ఒక ముసలావిడ ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"ఆ ఒంటె గొర్రెల దగ్గరికా? అవి మొహం మీద ఉమ్ముతాయి."

"మాస్కు ఉంది కదా" అన్నాను. ఆవిడ నవ్వితే కళ్లు మాత్రమే నవ్వాయి. ఆ రెండేళ్లూ అందరి నవ్వూ అలాగే చూశాం.

పదిన్నరకు ఊరి చివర మా గైడు కనిపించింది. పేరు యోలాండా. యాభై దాటినట్టుంది, తలకు అంచులున్న టోపీ, మూతికి చారల మాస్కు. కరోనా నుంచి కోలుకున్నట్టు కాగితాలు చూసి మమ్మల్ని వరసలో నిలబెట్టింది. మొత్తం ఎనిమిది మందిమి. మిగతా అందరూ జర్మన్లే, వాళ్లలో మాతో మాట కలిపింది బ్రిగిట్టె అనే రిటైర్డ్ టీచర్. ఆరుబయట దూరం పాటిస్తే మాస్కు తీయవచ్చని యోలాండా చెప్పగానే అందరం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నాం. మా ఆయన కూడా బలంగా పీల్చాడు. కోసిన గడ్డి వాసన నాకు గుప్పున తగిలింది. ఆయన నా మొహం చూశాడు, నేను పక్కకు చూశాను.

శిథిలాలు అన్నాను కదా, చూడటానికి పెద్దగా ఏమీ లేవు. రెండు వేల ఏళ్ల కిందట కెల్టులనే వాళ్లు ఈ కొండ మీద పెద్ద పట్నం కట్టుకున్నారట. ఇప్పుడు మిగిలింది గడ్డి మొలిచిన పొడవాటి కట్ట, దాని పక్క కందకం. జర్మన్లు దాన్ని హైడెన్‌గ్రాబెన్ అంటారు. ఒక్క చోట మాత్రం పాత ద్వారం ఎలా ఉండేదో తెలియడానికి కొంత గోడ మళ్లీ కట్టారు. కట్ట ఎక్కేసరికి నాకు రొప్పు వచ్చింది. బెంచీ మీద కూలబడ్డాను.

యోలాండా సంచిలోంచి ఫొటోలు తీసి చూపించింది. వాళ్ల దేశంలో ఇంకాలు కట్టిన గోడలు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. ఒక రాయికి పన్నెండు మూలలు. సందులో చాకు మొన కూడా దూరదట.

"ఏటా ఆరు నెలలు అక్కడికి వెళ్లి ఈ గోడలు చూపించేదాన్ని. రెండేళ్లుగా వెళ్లలేదు. మా పెద్దల రాళ్లు వదిలేసి మీ పెద్దల రాళ్లు చూపిస్తున్నాను" అంది.

"మా పెద్దలు కూడా కాదులే" అంది బ్రిగిట్టె. "వాళ్లెవరో, ఎందుకు వెళ్లిపోయారో ఎవరికీ తెలియదు."

మా ఆయన చెయ్యెత్తాడు. ఆయనది వంటింటి జర్మన్, మాట సూటిగా ఉంటుంది. "భోజనం ఎట్లా వండుతారు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఫారం అక్కడికి అర్ధగంట నడక, నాకు ఇంకా ఎక్కువే పట్టింది. అల్పాకాలు పెద్ద కళ్లతో మమ్మల్ని చూసి, ఆసక్తి లేక మేత మీదికి తలలు దించాయి. ఒక్కటీ ఉమ్మలేదు. పెరట్లో లోతైన గుంట, దాని నిండా పొద్దుటి నుంచి కాలుతున్న రాళ్లు. వాళ్ల ఆండీస్ కొండ పల్లెల్లో పంట కోతలప్పుడూ పండగలకూ ఇలాగే వండుతారట. నిప్పులు తీసేసి, వేడి రాళ్ల మధ్య వరసగా బంగాళాదుంపలు, మసాలా పట్టించిన కోడి ముక్కలు, చిక్కుడుకాయలు పేర్చింది. మీద ఆకులు కప్పి, తడి గుడ్డలు పరిచి, ఆ పైన మట్టి పోసింది. మా ఆయన ఆ గుంట చుట్టూ తిరుగుతూ ఏ రాయి, ఎంతసేపు, ఏ ఆకు అని అడుగుతూనే ఉన్నాడు. జనవరి తర్వాత ఆయన అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

మట్టి పోయడం అయ్యాక యోలాండా చిన్న గ్లాసుల్లో యాపిల్ సారా పంచింది. వాళ్ల దగ్గరైతే మొక్కజొన్నతో చేసినది పోస్తారట. తాగే ముందు కొంచెం నేల మీద వంచింది. "ముందు భూమాతకు" అంది. జర్మన్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగానే మా ఆయన వంగి తన గ్లాసులోంచి మూడుసార్లు నేలకు పోశాడు.

"నేను చెప్పకముందే ఎలా తెలుసు?" అంది యోలాండా.

"మా దగ్గర కల్లు పోస్తరు" అని జర్మన్‌లో చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు, "సాక పోసుడు ఈళ్లకూ ఉన్నదే!"

గుంట ఉడకడానికి గంటకు పైగా పడుతుంది. ఆలోగా యోలాండా నడుస్తూ అల్పాకా ఉన్నితో నూలు వడకడం చూపించింది. నేను ప్రయత్నిస్తే దారం రెండుసార్లు తెగింది. మూడోసారి కదురు చేతిలోకి తీసుకుంటుండగా గుంట దగ్గరి నుంచి మా ఆయన జర్మన్‌లో అరవడం వినిపించింది.

"కాలుతుంది! అడుగు కాలుతుంది!"

నేను లేచి పరుగులాంటి నడకతో వెళ్లాను. "ఊకో! నీకు ఎప్పుడూ గదే వాసన" అన్నాను తెలుగులో.

"కాదే, ఇది నిజంది. మట్టిల నుంచి వస్తున్నది. నాకు తెలుస్తలేదా?"

ఆయన మొహం చూస్తే నాకూ అనుమానం వచ్చింది. నిజంగానే ముక్కు తిరిగొచ్చిందేమో. ఆ అనుమానంతో నేను ఆగిన ఆ కాస్త సేపట్లో యోలాండా పరుగున వచ్చి పారతో మట్టి లాగేసింది. గుడ్డలు తీసింది. తెల్లటి ఆవిరి ఒక్కసారి లేచి గాలిలో కలిసిపోయింది. ఏదీ మాడలేదు. దుంపలో కత్తి గుచ్చితే సగం దాకా దిగి ఆగింది. కోడి ముక్కల లోపల ఇంకా ఎర్రగానే ఉంది.

"వేడి పోయింది. మళ్లీ మూసినా ఉడకదు" అంది యోలాండా. పార మీద చెయ్యి పెట్టుకుని గుంట గట్టున కూర్చుంది. "లాక్‌డౌన్ తర్వాత ఇదే నా మొదటి టూర్."

అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన గుంటలోకే చూస్తూ జర్మన్‌లో, ఒక్కో మాటా పేర్చుకుంటూ చెప్పాడు.

"నాకు వాసన రాదు. జనవరి నుంచి. రుచీ లేదు. మాడు వాసన ఒక్కటే వస్తుంది, అది అబద్ధం. నేను వంటవాణ్ని."

ఓనర్‌కు చెప్పలేని మాట ఆ కొండ మీద ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెప్పాడు. బ్రిగిట్టె, "మా చెల్లెలికీ అంతే. కాఫీ పెట్రోల్ కంపు కొడుతుందంటుంది" అంది.

యోలాండా ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. "వంటవాడివా? అయితే లే. లోపల గ్యాసు పొయ్యి ఉంది."

గుంటలోవన్నీ గిన్నెల్లోకి ఎత్తి వంటింట్లోకి మోసుకెళ్లాం. మా ఆయన చేతులు కడుక్కుని దుంపలు చెక్కలుగా కోశాడు. నూనె వేడెక్కిందో లేదో చెవి పెట్టి విన్నాడు. అరలో జీలకర్ర లాంటివి రెండు డబ్బాలున్నాయి, దేని మీదా పేరు లేదు. ఆయన ఒకటి తీశాడు. ఇక్కడి కుమ్మెల్ గింజ అచ్చం జీలకర్రలాగే ఉంటుంది, కూరలో పడితే మాత్రం మన కూర కాదు. నేను డబ్బా లాక్కుని వాసన చూశాను.

"ఇది కాదు. రొట్టెల్ల ఏసేది ఇది."

ఆయన రెండో డబ్బా నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇదే" అన్నాను.

అక్కడి నుంచి అదే పని. ఆయన గరిటె కొసన కొంచెం తీసి నా అరచేతిలో వేయడం, నేను నాకి చెప్పడం.

"ఉప్పు?"

"తక్కువ."

"ఎంత తక్కువ?"

"నేను వండితే ఉప్పు లేదని మొఖం ముడుస్తవు సూడు, గంత."

"కారం?"

"ఈళ్లకు సాలు. మనకు కాదు."

"పులుపు?"

"నిమ్మకాయ పిండు. సాలు సాలు, ఆపు!"

యోలాండా గుమ్మంలో నిలబడి మా కొట్లాట చూస్తోంది. మాట అర్థం కాకపోయినా మధ్య మధ్య నవ్వింది.

మూడు గంటలకు పెరట్లో బల్లల మీద తిన్నాం. అది ఆండీస్ వంట కాదు, పూర్తిగా మన వంటా కాదు. బ్రిగిట్టె రెండోసారి పెట్టించుకుంది. మా ఆయన పళ్లెం వంచుకుని నెమ్మదిగా నమిలాడు.

"ఎట్లున్నది?" అన్నాను.

"మెత్తగున్నది" అన్నాడు. ఆయనకు తెలిసింది అంతే.

అయిదు దాటాక బస్సు పట్టుకుని దిగాం. కిర్చ్‌హైమ్‌లో ప్లాట్‌ఫారం మీద బండి కోసం కూర్చున్నప్పుడు ఆయన ఫోన్ తీసి ఓనర్‌కు కలిపాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని హిందీలో మొదలుపెట్టాడు. నేను ఠీక్ లేను, ముక్కు పనిచేయట్లేదు, నాలుక పనిచేయట్లేదు. అటు నుంచి వచ్చిన అరుపు నాక్కూడా వినిపించింది. "గురువారం తెరుస్తుంటే ఇప్పుడు చెప్తావా? రుచి ఎవడు చూస్తాడు?"

ఆయన నా వైపు చూశాడు. "మా ఇంటామె" అన్నాడు.

ఓనర్ కాసేపటికి చల్లబడ్డాడు. ఇద్దరినీ గురువారం పొద్దున రమ్మన్నాడు. ఒక వారం చూస్తాను, ఆ తర్వాత మాట ఇవ్వలేను అని పెట్టేశాడు.

"నన్ను అడగకుంటనే చెప్తివి?" అన్నాను.

"అడిగితే వద్దంటవని."

"అంటుంటి. పొద్దంతా ఆడ నిలబడి, మాపటికి ఆఫీసులు తుడువవోవాల్నా?"

"ఇప్పుడను. మల్ల ఫోన్ చేస్త."

అనలేదు. కాళ్లు లాగుతున్నాయి, ఆయాసంగా ఉంది, గురువారం సంగతి ఆలోచించే ఓపిక కూడా లేదు. అయినా వద్దని అనలేదు. బండి వచ్చింది, ఎక్కాం.

వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఇంకాల కోటలంత గోడలు అక్కడ ఉంటాయని వెళ్లకండి, ఉన్నది గడ్డి కట్ట. నడవగలిగే చెప్పులు వేసుకోండి. యోలాండా గుంట మూశాక ఆవిడ చెప్పేదాకా తెరవనివ్వకండి, మాకు దక్కని ఆ భోజనం మీరు తినవచ్చు.

ప్లోఖింగెన్ రాకముందే మా ఆయన తల నా భుజం మీద వాలింది. గట్టిగా గురక పెట్టాడు. మళ్లీ అంత నిద్ర ఆయనకు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, లేపబుద్ధి కాలేదు. నా కళ్లు కూడా మూతలు పడుతున్నాయి. కానీ ఇద్దరం నిద్రపోతే బ్యోబ్లింగెన్ దాటి హెరెన్‌బెర్గ్ దాకా పోతాం. నేను కళ్లు తెరుచుకుని కూర్చున్నాను.