మడ్‌గార్డుకు ఏడో పూత

పళ్ళ సెట్లు తయారుచేయడం ఆమె వృత్తి. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. ఎవరి పలువరుసకైనా అచ్చు తీసి, అందులో సెట్టు పోసి, అంటుకోకుండా ఊడదీయడం ఆమెకు మంచినీళ్లు తాగినంత తేలిక.

ఆ ధీమాతోనే తన పాత కారుకు ముందు మడ్‌గార్డు ఫైబర్‌గ్లాస్‌తో సొంతంగా పోసుకుంటానని బయల్దేరింది. ఆ కారు విడిభాగాలు దొరకడం మానేసి చాలా ఏళ్లయింది. కారు ఉన్నది అక్క మొగుడి మెకానిక్ షెడ్డులో, ఒక మూల. ఆ మూల ఖాళీ అయితే ఇంకో బండి పెట్టుకోవచ్చని ఆయన ఆశ. నెలాఖరుకు మడ్‌గార్డు రాకపోతే కారు తుక్కుకు పోవాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. అక్క సాక్షి.

మొదటిసారి పరువు పోయింది. అంటుకోకుండా పళ్ళ అచ్చుకు పూసే ద్రవాన్నే, పాత మడ్‌గార్డు మీద తీసిన అచ్చుకూ పూసింది. అది ప్లాస్టర్ మీద పొర కడుతుంది. నున్నటి ఫైబర్‌గ్లాస్ అచ్చు మీద మాత్రం బొట్లుబొట్లుగా విడిపోయింది. అది చూసి కూడా ఇరవై ఆరేళ్ల అలవాటు మాటే విన్నది. పోసిన మడ్‌గార్డు అచ్చుకు అతుక్కుపోయింది. ముక్కలుగా చెక్కి తీసేసరికి అచ్చులో అరచేయంత పెచ్చు లేచింది. పూడ్చి, నున్నగా అరగదీసింది. తుప్పు పట్టిన పాత మడ్‌గార్డు అచ్చు తీసేటప్పుడే తునకలైంది గనక ఇంకో అచ్చు రాదు. ఇదీ పోతే కారు పోయినట్టే.

ఈసారి మైనం పట్టుకుంది. పూయడం, గంట ఆగడం, మెత్తటి గుడ్డతో మెరిసేదాకా తుడవడం, మళ్లీ పూయడం. ఆరు పూతలయ్యాయి. బావ టీ గ్లాసుతో వచ్చి, మా పెళ్లికి మీ అక్క కూడా ఇంత మేకప్ వేసుకోలేదన్నాడు. వేసుకున్నా చూసిందెప్పుడు, భోజనాల దగ్గర నుంచి కదిలితే కదా అని అక్క లోపల్నుంచే అంటించింది.

గడువు ఇంకా రెండు రోజులుంది. పోతకు రెసిన్ జిగురు కలపబోయే ముందు అచ్చంతా సెల్లో టేపు ముక్కలు అంటించి చూసింది. మైనం సరిగా పట్టిన చోట టేపు నిలవక రాలిపోయింది. పూడ్చిన చోట మాత్రం గట్టిగా పట్టుకుంది.

"అరచేయంత జాగాకు భయపడతావేంటి మరదలా? కానిచ్చెయ్."

"ఒక్క పన్ను పట్టుకున్నా సెట్టంతా ఊడిరాదు బావగారూ. రేపు పోస్తాను."

రేపు పోస్తే, గట్టిపడి ఊడేది గడువు రోజునే. తేడా వస్తే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. అయినా ఏడో పూత వేసింది, పూడ్చిన చోట మరో రెండు. ఆపైన నీళ్లకు కరిగే ఆకుపచ్చ ద్రవం పలచగా చల్లి, పొరలా ఆరనిచ్చింది. మర్నాడు మడ్‌గార్డుకు పైకి కనిపించబోయే తెల్లటి పూత ముందుగా వేసి, దాని మీద రెసిన్, గాజుపీచు వరస మీద వరస పరిచింది.

గడువు రోజు ఉదయం అంచుల్లో చెక్క చీలికలు దించి, సందులో నీళ్లు పోసింది. ఆకుపచ్చ పొర కరిగి బయటికి కారింది. అరచేత్తో, పసిపిల్ల వీపు తట్టినట్టు తట్టింది. లోపల టక్కుమంది. మరోసారి తట్టింది. మడ్‌గార్డు మొత్తం ఒక్కసారిగా ఆమె ఒళ్లోకి జారింది.

బావ దాన్ని వెలుగులోకి పట్టుకెళ్లి, వంక దొరుకుతుందేమోనని తిప్పితిప్పి చూశాడు. దొరికింది. అంచు దగ్గర చిన్న సొట్ట. కారు కొన్న వారంలోనే గేటుకు గుద్దింది ఆమే. అచ్చు దాన్నీ వదల్లేదు. పూడ్చమంటావా అని అడిగాడు. వద్దంది, అది తన సొంత పనితనమంది.

మధ్యాహ్నానికి బోల్టులు బిగించారు. రంగు వేయకుండానే, నీలం కారుకు తెల్ల మడ్‌గార్డుతో, వీధి చివరిదాకా నడిపింది. ముందు సీట్లో అక్క. వెనక సీట్లో బావ, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, గేటు కనిపించినప్పుడల్లా బ్రేకు, బ్రేకు అంటూ.