పురుటి సెలవు కోసం బిగించిన సైకిల్

ఏలూరు పవర్‌పేటలో నేను సైకిల్ షాపు పెట్టి ముప్పై ఒక్క ఏళ్లయింది. నా పేరు హెన్రీ. నాకు ముక్కు మీద కోపమని మా ఆవిడ జాయ్సీ అందరికీ చెబుతుంటుంది. చెప్పనివ్వండి. కౌండిన్య గారి సంగతి వింటే మీకూ కోపం వస్తుంది, ఎవరి మీద పడాలో తెలియని కోపం.

కాలువ అవతల శివాలయం ఉంది కదా, అక్కడ అర్చకులు ఆయన. ముప్పై ఏడేళ్లుంటాయి. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, పంచె పైకి దోపుకుని, పెద్ద అట్టపెట్టె భుజాన పెట్టుకుని షాపులోకి వచ్చారు. ఏ ఉత్సవ విగ్రహమో అనుకుని నేను చెప్పులు పక్కకి విడిచాను. విప్పితే లోపల నల్లటి సైకిల్ ఫ్రేము. చక్రాల్లేవు, చైను లేదు, హ్యాండిల్ లేదు. బరువుంటుందని రెండు చేతులూ వేసి ఎత్తాను. అది కాస్తా నా తలదాకా లేచి ఫ్యానుకి తగలబోయింది.

"ఇది ప్లాస్టిక్కండీ. మిమ్మల్ని ఎవరో నిలువునా ముంచేశారు" అన్నాను.

ఆయన నవ్వి, కాదండి, కార్బన్ అన్నారు. పేరున్న కంపెనీది కాదట, చైనాలో చేసిన చవక రకమట. మిగతా సామానంతా ఒక్కొక్కటే తెప్పించుకుని సొంతంగా బిగించుకోవాలని ఆయన కోరిక. ఎందుకండీ, గుడికీ ఇంటికీ మధ్య నాలుగు వందల అడుగులు లేవు, ఈ రేసు సైకిల్ ఏం చేసుకుంటారని అడిగాను. పేరుపాలెం వెళ్లి సముద్రంలో కాళ్లు తడుపుకుని రావాలన్నారు. కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా పోను వంద, రాను వంద కిలోమీటర్లు. ఒక రోజు పని.

ఆ ఒక్క రోజే ఆయన దగ్గర లేదు. గుడి తలుపులు ఉదయం అయిదున్నరకి తీసి పన్నెండింటికి వేయాలి. మళ్లీ సాయంత్రం నాలుగున్నరకి తీయాలి. వంటా భోజనం, మళ్లీ స్నానం పోగా మధ్యలో మూడు గంటలు మిగిలితే గొప్ప. తండ్రి సూర్యనారాయణ గారికి మోకాళ్లు అరిగిపోయి గర్భగుడిలో కింద కూర్చోలేరు. తల్లి లేదు. అన్నదమ్ముల్లేరు. అర్చకుడికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో పెళ్లీ కాలేదు. పందొమ్మిదో ఏట తండ్రి చేతి నుంచి గంట అందుకున్నారు, అప్పట్నుంచి ఆ తలుపు తీయడం ఆయన వంతే. ఒక్క రోజు ఎవరినైనా పెట్టి వెళ్లొస్తానని ఓసారి ఇంట్లో అడిగారట. దేవుడికి లేని సెలవు నీకెందుకురా అన్నారట పెద్దాయన.

మరి ఎప్పుడు వెళ్తారండీ అన్నాను. పురుడు వస్తే వెళ్తానన్నారు.

నాకు అర్థం కాలేదు. మాలో బిడ్డ పుడితే పాస్టరు గారు ప్రార్థన చేయడానికి పరుగున ఇంటికొస్తారు. వాళ్లలో అలా కాదట. తండ్రి వైపు వంశంలో ఎవరికి బిడ్డ పుట్టినా ఆ వంశం వాళ్లందరికీ పది రోజులు పురుడు. ఆ పది రోజులూ అర్చకుడు గుడిలో అడుగు పెట్టకూడదు. అప్పుడు మాత్రం మేనత్త కొడుకు జయంత్ వచ్చి పూజ చేసిపెడతాడు. అతనిది వేరే గోత్రం కాబట్టి అతనికి ఆ పురుడు అంటదు. చావు మైలకీ సెలవే, కానీ ఒకరి చావు కోసం ఎదురుచూడలేం కదండీ అన్నారు. ఆరేళ్ల కిందట ఒక పురుడు వచ్చిందట. ఆ పది రోజులూ ఎక్కడికెళ్లాలో తోచక అరుగు మీద కూర్చుని వచ్చేపోయే జనాన్ని చూశారట. ఈసారి వచ్చేసరికి చేతిలో సైకిల్ ఉండాలి, అదీ పట్టుదల.

సరే, బిగించడం మొదలుపెట్టాం. నేను ముప్పై ఏళ్లు ఇనప సైకిళ్లు బిగించినవాణ్ణి. నా చేతికి తెలియని బోల్టు ఉండదని నాకు పొగరు. సీటు గొట్టానికి అలవాటుగా గ్రీజు పూసి దింపాను. ఆయన ఎక్కి కూర్చోగానే అది సర్రున కిందికి జారింది. ఇంకాస్త బిగించాను. మళ్లీ జారింది. పంతం కొద్దీ రెంచి మీద బలమంతా వేసేసరికి టక్కుమని చప్పుడైంది. ఫ్రేము పగిలిందేమోనని రెంచి వదిలేశాను. ఏసయ్యా, ఈయన ఇన్నేళ్ల కోరిక నా చేతుల్లోనే పోయిందా అనుకున్నాను. చూస్తే సీటు గొట్టాన్ని పట్టి ఉంచే పట్టీ మాత్రమే విరిగింది. వారం తర్వాత కౌండిన్య గారు ఒక టార్క్ రెంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎంత బిగించాలో అంతకి రాగానే టిక్‌మని చెబుతుంది. కార్బన్‌కి గ్రీజు పెట్టకూడదండి, గరుకుగా ఉండే పేస్టు వేరే ఉంటుందండి అని మెత్తగా చెప్పారు. నా వయసులో మళ్లీ అక్షరాభ్యాసం అయింది.

అన్నిటికన్నా భయం ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు గొట్టం కోసిన రోజు. ఎక్కువ కోస్తే మళ్లీ అతకదు. మూడుసార్లు కొలిచి గుర్తు పెట్టాం. కోసేటప్పుడు లేచే కార్బన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదట, అందుకని తడుపుతూ కోయాలి. నేను రంపం పట్టుకున్నాను. ఆయన చెంబుతో నీళ్లు పోశారు. కోసినంతసేపూ ఆ ధార తెగలేదు, లావు కాలేదు, పక్కకి పోలేదు. పద్దెనిమిదేళ్లు అభిషేకం చేసిన చెయ్యి కదా. అటువంటి చేతికి పని చేస్తుంటే నాకు ముచ్చటేసింది. వెనక బ్రేకు కేబుల్ ఫ్రేము లోపల్నుంచి పోవాలి, ఎంత తోసినా వెళ్లదు. చేపల వల దారం ఒక కొసన పెట్టి, రెండో కొసన వాక్యూమ్ క్లీనర్‌తో లాగి, ఆ దారానికి కట్టి కేబుల్ ఈడిస్తే వచ్చింది. గేర్ల సెట్టు మాత్రం కొత్తది కాదు. భీమవరంలో రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన సరదాగా కొనుక్కుని రెండుసార్లు తొక్కి పక్కన పడేసిన సైకిల్‌ది.

అలా నిరుడు దసరా నాటికి సైకిల్ తయారైంది. ఎనిమిది కిలోల మీద కాస్త బరువు. ఇంటికి తీసుకెళితే పెద్దాయన ఊరుకోరని నా షాపులోనే ఉంచారు. మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చి, పైజమా వేసుకుని, దెందులూరు దాకా వెళ్లి వచ్చేవారు. ఎండగా ఉంటే వెనక చక్రాన్ని స్టాండు మీద పెట్టి షాపులోనే తొక్కేవారు. మీటరు చూస్తే స్టాండు మీదే పదకొండు వందల కిలోమీటర్లు తిరిగింది. ఆకివీడు ఎన్నిసార్లు దాటారో, నా షాపు గోడ మాత్రం ముక్కుకి మూరెడు దూరంలోనే ఉండేది. చూడలేక నేను టీ తాగే వంకతో బయటికి పోయేవాణ్ణి.

ఇంతలో మంచి కబురు తెలిసింది. తాడేపల్లిగూడెంలో ఆయన చిన్నాన్న గారి కోడలు లక్ష్మీప్రసన్నకి నెలలు నిండుతున్నాయి. ఫిబ్రవరి ఆఖరుకి కాన్పు. మా జాయ్సీ గూడెంలో అదే ఆసుపత్రిలో నర్సు, రోజూ రైల్లో వెళ్లొస్తుంది. ఆ అమ్మాయి పరీక్షలకు వచ్చినప్పుడల్లా ఎలా ఉందో కనుక్కొని రమ్మని నా పోరు. కన్నతండ్రి కూడా అంత ఆత్రపడి ఉండడు.

ఫిబ్రవరి మొదటివారంలో జయంత్‌కి అమ్మవారు పోసింది, ఒళ్లంతా పొక్కులు. లేచి తిరగడానికి మూడు వారాలైనా పడుతుంది. కాన్పు అప్పటిదాకా ఆగితే బాగుండునని కౌండిన్య గారు రోజుకోసారి అనేవారు. ఆగలేదు. నెలాఖరుకి రావలసిన బిడ్డ పదో తారీఖునే పుట్టేసింది. ఆడపిల్ల. జాయ్సీ వచ్చి చెప్పింది. చెప్పులేసుకుని గుడికి బయల్దేరబోతుంటే, ఆటోలోంచి సూర్యనారాయణ గారు దిగారు. ఆయన నా షాపుకి రావడం అదే మొదలు.

"మీ ఆవిడగారి ద్వారా మీకు తెలిసే ఉంటుందండి, హెన్రీ గారూ. దయచేసి మా వాడి చెవిన పడనివ్వకండి. జయంత్ లేడు. దీపం పెట్టే చెయ్యి ఇంకోటి లేదండి" అన్నారు.

పురుడు బిడ్డ పుట్టినప్పట్నుంచి కాదట, కబురు విన్నప్పట్నుంచి అంటుతుందట. పది రోజుల్లోపు ఎప్పుడు వింటే ఆ మిగిలిన రోజులే సెలవు. పదీ దాటాక వింటే ఒక స్నానంతో సరి. అందుకని గూడెం వాళ్లు పెద్దాయనకి తప్ప ఎవరికీ ఫోన్ చేయలేదు, ఫొటోలు పెట్టలేదు. ఆయన నా ముందు చేతులు జోడించారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నేనేం అంటాను? పైగా, ఫలానా కిరస్తానీవాడు చెప్పబట్టే గుడి మూతపడిందని వీధిలో అంటే, ముప్పై ఒక్క ఏళ్ల మంచితనం ఒక్క పూటలో పోతుంది. తల ఊపాను.

ఆ తర్వాత ఎనిమిది రోజులు నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. రోజూ ఒంటిగంటకి ఆయన రావడం, స్టాండు ఎక్కడం, గోడ వైపు చూస్తూ తొక్కడం. గూడెం కబురేమైనా ఉందా అని ఒక్కరోజూ అడగలేదు. ఈ దాపరికం నచ్చక జాయ్సీ నాతో అన్నం తింటూ మాట్లాడటం మానేసింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను లెక్క చూసుకున్నాను. ఈ పూట చెబితే ఈ సాయంత్రం, రేపు ఆయనవి. రేపటితో పది. ఒక్క రోజు, సముద్రానికి సరిగ్గా సరిపోయే ఒక్క రోజు. ఇంక నా వల్ల కాలేదు.

"కౌండిన్య గారూ, గూడెంలో మీ తమ్ముడికి ఆడపిల్ల పుట్టిందండి. ఇవాళ్టికి తొమ్మిదో రోజు."

తొక్కడం ఆపారు. చక్రం కాసేపు దానంతటదే తిరిగింది.

"ఎందుకు చెప్పారండీ?" అన్నారు.

ఆయనకి మొదటి రోజే అర్థమైందట. పదో తారీఖు నుంచి పెద్దాయన గుడి మెట్టెక్కలేదు. మోకాళ్లని చెప్పి ఇంట్లోనే ఉంటున్నారు, కొడుకుని తాకకుండా పక్కకి తప్పుకుంటున్నారు. తండ్రికి పురుడు అంటితే అలాగే ఉంటారని కొడుక్కి తెలియదా? కానీ అనుకోవడం వినడం కాదు కాబట్టి ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే చెబుతారు, చెబితే గుడి వదలాలి.

నాకు ఒళ్లు మండిపోయింది. గుడి వదలడానికే కదా మూడేళ్లు ఇది బిగించాం అన్నాను. మీరు కాకపోతే వన్‌టౌన్‌లో ఇంకో గుడి అర్చకుణ్ణి బతిమాలితే ఒక్క రోజు దీపం పెట్టడా, నేను వెళ్లి కాళ్లు పట్టుకుంటాను, మీరు కదలండి అని అరిచాను. రోడ్డు మీద జనం తిరిగి చూశారు. ఆయన సైకిల్ని స్టాండు మీంచి దింపారు. నీళ్ల సీసా నింపుకున్నారు. కైకలూరు రోడ్డు వైపు తిరిగి ఎక్కేశారు. టైము ఒకటీ ముప్పై అయిదు.

నేను షాపు మధ్యలో నిలబడి ప్రార్థన చేశాను. రాత్రికి భీమవరంలో పడుకుంటారు, తెల్లారి సముద్రం. కళ్లు తుడుచుకుని, వన్‌టౌన్ వెళ్లి ఒక అర్చకుణ్ణి ఒప్పించాను. అయిదింటికి ఆయన్ని బండి వెనక కూర్చోబెట్టుకుని కాలువ దాటాను.

శివాలయం తలుపులు తీసే ఉన్నాయి. లోపల దీపం వెలుగుతోంది. సైకిల్ ప్రహరీకి ఆనించి ఉంది. నా వెనకున్నాయన నన్ను ఎగాదిగా చూసి, మీ అర్చకులు ఉన్నారు కదండీ అని నడుచుకుంటూ వెళ్లిపోయారు. కౌండిన్య గారు తడి పంచెతో గేటు దాకా వచ్చారు.

"విన్నారు కదండీ. విన్నాక లోపలికి వెళ్లకూడదన్నారు కదా" అన్నాను.

"వెళ్లకూడదండి. వెళ్లాను."

కొల్లేరు వంతెన దాకా పాతిక కిలోమీటర్లు ఎలా వెళ్లారో తెలియలేదట, అంత తేలిగ్గా పోయిందట సైకిల్. గాలి కూడా వెనక నుంచే. అక్కడ చేతి గడియారం చూసుకున్నారు. మూడింటికి పది నిమిషాలు తక్కువ. ఇప్పుడు తిరిగితేనే నాలుగున్నరకి తలుపు తీయగలం అనుకునేలోపే చేతులు హ్యాండిల్ తిప్పేశాయట. తిరిగాక గుర్తొచ్చిందట, ఇవాళ తీయక్కర్లేదని. అయినా ఆగలేదు, ఊరు దాకా తొక్కుతూనే వచ్చారట. నేను గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను.

"ఇన్నాళ్లూ నాన్నగారు కట్టేశారు, గుడి కట్టేసింది అని లోపల్లోపల తిట్టుకునేవాణ్ణండి, హెన్రీ గారూ" అన్నారు ఆయన. "ఆ వంతెన మీద వాళ్లెవరూ లేరండి. నేనొక్కణ్ణే ఉన్నాను."