ఉస్తాద్ వహ్బీకి నచ్చని ఆంప్లిఫయర్లు

ఉస్తాద్ వహ్బీకి లోకంలో ఒకే ఒక్క పని ఉండేది: ఆంప్లిఫయర్ ఎంచుకోవడం. కొనడం కాదు సుమండీ, ఎంచుకోవడం. ఈ రెండు క్రియలకూ మధ్య ఎంత దూరముందో, కైరోలోని బాబ్ అల్లూక్ వీధిలో స్టీరియోలు అమ్మే హిల్మీకి తెలిసినంతగా ఏ వ్యాకరణవేత్తకూ తెలియదు. తొమ్మిదేళ్లుగా ప్రతి సోమవారం, మధ్యాహ్నపు నమాజు ముగిసిన పావుగంటకు ఆయన వచ్చేవాడు, వినేవాడు, పెదవి విరిచేవాడు, వెళ్లిపోయేవాడు.

ఆ రావడమూ ఒక వైభవమే. చంకలో సొంత దిండు. దుకాణంలోని కుర్చీలో దిండు లేకుండా కూర్చుంటే చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవని ఆయన ఫిర్యాదు. కోటు లోపలి జేబులో, రుమాలులో చుట్టిన ఒకే ఒక్క క్యాసెట్. గడప దాటగానే గల్లాపెట్టె వెనక గోడమీదున్న ఫోటోకు పలకరింపు: "ఏమోయ్ షుక్రీ, కులాసానా?"

షుక్రీ అంటే హిల్మీ తండ్రి. ఆయనా వహ్బీ ఒకే బల్లమీద చదువుకున్నారు. హిల్మీకి ఏడాది నిండకముందే షుక్రీ పోయాడు. కొడుక్కి మిగిలింది ఆ ఫోటో ఒక్కటే. నోరు సగం తెరిచి ఏదో అనబోతున్న మనిషి. ఏమనబోయాడో గాని, అర్ధశతాబ్దంగా అనలేదు.

"ఇవాళ కొత్త సరుకొచ్చింది ఉస్తాద్, వినండి," అనేవాడు హిల్మీ.

ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. తర్వాత తీర్పు. "ఇది పోలీసు ఇన్‌స్పెక్టరు. గాయనిచేత పాడించడం లేదు, వాంగ్మూలం ఇప్పిస్తోంది." మరో వారం: "దీనికి జలుబు చేసింది." దీపాల్లా గొట్టాలు వెలిగే ఖరీదైన రకాన్ని చూపిస్తే: "ఇది మా మేనత్త. ప్రతి మాటకూ తేనె పూస్తుంది. నిజం మాత్రం చెప్పదు."

తీర్పుకు ముందు ఒక ప్రశ్న తప్పదు. "నీకేం వినిపించింది, హిల్మీ?"

"బేస్ ఎంత గంభీరంగా ఉందండీ! వయొలిన్లు వెన్నపూసే!"

"ఇంకా?"

"శుభ్రత, ఉస్తాద్! అద్దంలాంటి శుభ్రత!"

ఆ మాటకు ఆయన ముఖం వాడిపోయేది. "కాదు. ఇది కాదు."

"పోనీ, మీ ఇంట్లో ఏ స్పీకర్లున్నాయో చెప్పండి. వాటికి తగ్గదే చూపిస్తాను."

"బాగానే ఉన్నాయి. నిన్ను అడిగామని చెప్పమన్నాయి."

క్యాసెట్‌లో ఉన్నది పాతకాలపు కచేరీ. లోకం మరిచిపోయిన ఒక గాయని ఒకే చరణాన్ని ఏడోసారి తిప్పి పాడే ఘట్టం. వహ్బీ వినేది ఎప్పుడూ ఆ ఒక్క నిమిషమే. ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ ఊళ్లో పాటలో సగమే పాడేవారిది, మిగతా సగం వినేవారిది. చరణం వచ్చి వాలగానే "అల్లాహ్!" అని అరవని శ్రోత, విందు తిని మెచ్చుకోకుండా చేయి కడుక్కున్న అతిథితో సమానం. ఆ అరుపులు విన్నాకే గాయని వెనక్కి తిరిగి మళ్లీ పాడుతుంది. అయితే హిల్మీ అమ్మేది శుభ్రత. జనం గోల అతనికి దుమ్ముతో సమానం. నాలుగో ఏట, పెద్దాయన సంతోషిస్తాడని, ఒక స్టూడియోలో ఆ గోలంతా తీయించి కొత్త ప్రతి బహూకరించాడు.

వహ్బీ విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అందర్నీ బయటికి గెంటేశావు కదయ్యా," అన్నాడు. ఆ తర్వాత మూడు సోమవారాలు రాలేదు. తప్పేమిటో హిల్మీకి అర్థం కాలేదు.

కాలం మారింది. జనం పాటల్ని ఫోన్లలో వింటున్నారు. దుకాణం ఫోన్ల తొడుగులు అమ్మేవాడి చేతికి వెళ్లబోతోంది. సరుకంతా గురువారం టోకు వ్యాపారి పట్టుకుపోతాడు.

"ఇదే చివరి సోమవారం, ఉస్తాద్. ఇవాళ ఎంచుకుంటే ఎంచుకున్నట్టు," అన్నాడు హిల్మీ.

వహ్బీ చంకలోని దిండు సవరించుకున్నాడు. "నాకూ ఎక్కువ సోమవారాలు లేవులే. కుడి చెవి పోయింది. ఎడమది సామాను సర్దుకుంటోంది." వరుస వెంట నడిచి, బూడిదరంగు బరువైన ఆంప్లిఫయర్ ముందు ఆగాడు. "దీన్ని పెట్టు."

"మూడో ఏట దీనికే కదండీ జలుబు చేసిందన్నారు?"

"తగ్గి ఉంటుంది. పెట్టు."

హిల్మీ మీట నొక్కి, అలవాటుగా ఆంప్లిఫయర్ పక్కన నిలబడ్డాడు. అమ్మేవాడి చోటు అదే.

"అక్కడ కాదు. నువ్విలా వచ్చి కూర్చో."

తొమ్మిదేళ్లలో ఏనాడూ అతను కొనేవాడి కుర్చీలో కూర్చోలేదు. పెద్దాయన దిండు కూడా ఇచ్చాడు. అమ్మవలసిందేదీ మిగలలేదు గనుక హిల్మీ ఊరికే కళ్లు మూసుకున్నాడు.

ఏడోసారి చరణం పైకి లేచింది. అది వాలకముందే, సరిగ్గా అర తాళం ముందు, దగ్గరి వరుసలోంచి ఎవరో అరిచారు: "అల్లాహ్! ఇంకోసారి తల్లీ, నీ కడుపు చల్లగుండ!" జనం గొల్లున నవ్వారు. గాయని గొంతులోనే నవ్వు తొణికింది. మళ్లీ ఎత్తుకుంది.

"ఏం వినిపించింది?"

హిల్మీకి బేసు గుర్తు రాలేదు. "ఎవడో తొందరపాటు మనిషండీ. చరణం దిగకముందే అరిచేశాడు. పాపం, ఆవిడకే నవ్వాగలేదు."

వహ్బీ కళ్లు నిండిపోయాయి. "వాడెప్పుడూ అంతే! అర తాళం ముందే. పక్కన కూర్చున్నందుకు సిగ్గుతో చచ్చేవాణ్ణి." గోడవైపు చేయి చూపించాడు. "మీ నాన్నరా, నాయనా."

హిల్మీ ఫోటోకేసి చూశాడు. సగం తెరిచిన నోటికి మాట దొరికింది. లేచి టేపు వెనక్కి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. నాలుగోసారికి అతనికి మీట కనిపించలేదు.

"తొమ్మిదేళ్లు!" అన్నాడు. "మొదటిరోజే చెప్పకూడదా, బాబాయ్?" ఉస్తాద్ అనే మాట ఆ క్షణాన ఎటుపోయిందో పోయింది.

"చెప్పి వినిపిస్తే నీకు టీ కెటిల్లోనైనా మీ నాన్నే వినిపించేవాడు. అది నమ్మడం అవుతుంది, వినడం కాదు. గుంపులోంచి నీ అంతట నీకే వినిపించాలనుకున్నాను. పాపిష్టి ఆంప్లిఫయర్లనే అనుమానించాను గాని, అడ్డం నీ వ్యాపారం చెవులని తెలుసుకోలేకపోయాను."

హిల్మీ ముఖం తుడుచుకున్నాడు. "ఇది మీ ఇంటికి పంపిస్తాను."

"మా ఇంటికెందుకు? నా దగ్గర స్పీకర్లెక్కడున్నాయి?"

"మరి నన్ను అడిగామన్నవి?"

"ఉంటే అడిగేవే. ఇది నీ ఇంటికిరా. తొమ్మిదేళ్లుగా ఎంచుతున్నది నీ ఇంటికే."

గురువారం వచ్చిన టోకు వ్యాపారికి బూడిదరంగు ఆంప్లిఫయరూ, ఒక జత స్పీకర్లూ, గోడమీది ఫోటో కనిపించలేదు.

ఇప్పుడు సోమవారాల్లో వహ్బీ దిండు చంకన పెట్టుకుని, హిల్మీ ఇంటి మూడంతస్తుల మెట్లూ రొప్పుతూ ఎక్కుతాడు. మిగిలిన ఆ ఒక్క చెవి పక్కనే హిల్మీ కూర్చుంటాడు. ఏడోసారి చరణం పైకి లేస్తుంది. అది వాలకముందే, ఎంత బిగబట్టుకున్నా ఆగక, హిల్మీ "అల్లాహ్!" అని అరిచేస్తాడు. సరిగ్గా అర తాళం ముందు.

"ఖర్మ!" అని తల పట్టుకుంటాడు వహ్బీ. "ఒకడితోనే వేగలేకపోయాను. ఇప్పుడు స్పీకర్లో ఒకడు, చెవి పక్కన ఒకడు!"

అంటూనే, టేపు వెనక్కి తిప్పమని వేలితో సైగ చేస్తాడు.