జమాలుద్దీన్ కుట్టిన ఒక్క జత

అనకాపల్లి స్టేషన్ నుంచి బెల్లం బజారుకు పోయే రోడ్డు మీద జమాలుద్దీన్ కొట్టు ఉండేది. కొట్టంటే ముందుకు దించిన తాటాకు పంచ, ఒక బల్ల, గోడకు వేలాడే కళ్ళేలు, తోలు పట్టెడలు. లోపల ఎప్పుడూ తోలూ ఆముదమూ కలిసిన వాసన. జట్కా గుర్రాలకు జీనులు కుట్టడం అతని తాతల నాటి పని. అతని చేతి జీను గుర్రం వీపున పుండు పడనివ్వదని పేరు. చీడికాడ నుంచి, బుచ్చయ్యపేట నుంచి కూడా బండివాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. తోలు ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని తండ్రి చిన్నప్పుడే నేర్పాడు. ఏడాదిపాటు ఆముదం తాగిన తోలు మీద గాని జమాలుద్దీన్ కత్తి పెట్టేవాడు కాదు.

జన్మలో అతను బంతి తన్నలేదు. అయినా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు అతని పంచే కచేరీ చావడి. పదిహేనేళ్ళ కిందట ఒక కలాసీ కుర్రవాడు చిరిగిన బంతి పట్టుకొచ్చి కుట్టమన్నాడు. జమాలుద్దీన్ దాన్ని రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూశాడు. పైన కుట్టు కనపడదు. లోపల నుంచి కుట్టి, తరవాత తిరగేశారని తెలిశాక పసివాడిలా సంబరపడ్డాడు. కుట్టి ఇచ్చి, అది ఎలా ఎగురుతుందో చూద్దామని మైదానానికి వెళ్ళాడు. అక్కడ బంతిని మరిచిపోయి, దాన్ని తెచ్చినవాణ్ణి చూస్తూ నిలబడిపోయాడు.

ఆ కుర్రవాడు సింహాచలం. పగలంతా బజారులో బెల్లం దిమ్మలు మోసి, సాయంత్రం ఉత్తి కాళ్ళతో బ్యాక్ ఆడేవాడు. పెద్దగా పరుగెత్తేవాడు కాదు. ఎదుటివాడి కాలు బంతిని చేరేసరికి ఇతని కాలు అక్కడ ఉండేది, అంతే. ఆనాటి నుంచి వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

యుద్ధం వచ్చి ఆట మారిపోయింది. విశాఖపట్నంలో దిగిన సైన్యం బూట్లతో ఆడింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, వానాకాలపు కప్పు పోటీకి కొత్త నిబంధన పెట్టారు: బూట్లు లేనివాణ్ణి మైదానంలోకి దించరు.

ఆ వార్త తెచ్చినవాడు వెంకటరమణ. బెల్లం కొట్టులో గుమస్తా, జట్టుకు కార్యదర్శి. ఆ సాయంత్రం పంచలో కూర్చుని కాగితం మీద పదకొండు పేర్లు రాస్తూ ఎడమ బ్యాక్ దగ్గర ఆగిపోయాడు.

"ఆగేవేటి? రాయి, సింహాచలం అని," అన్నాడు వలి. అతను జట్కా తోలేవాడు. జట్టు ఓడిన రోజున గుర్రానికి కూడా గడ్డి వేయడు అని ఊళ్ళో హాస్యమాడేవారు.

"ఆ కుర్రాడు దేముడికి బూట్లున్నాయి వలీ. వాళ్ళ మేనమామ మిలట్రీ నించి తెచ్చేడు."

"బూట్లున్నాయి సరే, అందులో కాళ్ళున్నాయేటి? మొన్న బంతి వత్తంటే కళ్ళు మూసుకున్నాడు. నేను సూసేను."

"కుర్రాడు, నేర్చుకుంటాడు. ఇప్పుడాట అలా కాదు. ఎవడి చోట వాడు నిలబడాలి, లెక్క ప్రకారం అందించుకోవాలి. అందరూ గుంపుగా బంతెనక పరిగెట్టే రోజులు పోయేయి."

"సింహాచలం ఎప్పుడు పరిగెట్టేడు? నీ లెక్క కనిపెట్టకముందే ఆడు ఆడి సోట నిలబడ్డాడు."

పంచ చివర కూర్చున్న వరదానం మేష్టారు నవ్వాడు. ఆయన మిషన్ బడిలో డ్రిల్లు నేర్పేవాడు. ఊళ్ళో విజిల్ ఉన్నది ఆయనొక్కడికే, అంచేత రిఫరీ కూడా ఆయనే. వలికి ఆ నవ్వు నచ్చలేదు.

"నవ్వుతారు మేష్టారూ. పోయినేడు ఆఫ్‌సైడని మా గోలు కొట్టేసింది మీరే కదేటి?"

"ఆఫ్‌సైడే వలీ. దేవుడి తోడు."

"ఏ దేవుడి తోడు? మీ దేవుడా, మా దేవుడా?"

అందరూ నవ్వారు. సింహాచలం ఒక్కడూ నవ్వలేదు. పంచ అవతల గొంతుక్కూర్చుని ఆ కాగితాన్నే చూస్తున్నాడు. అతనికి చదువు రాదు. కాని పది పేర్ల కింద ఖాళీ ఎక్కడుందో చదువు రానివాడికీ తెలుస్తుంది.

అందరూ లేచి వెళ్ళాక అతను మెల్లిగా అన్నాడు. "ముప్పై నాలుగొచ్చేయి బావా. ఈ ఏడు పక్కకి తప్పించేరంటే మరి పిలవరు. పగలల్లా మోత. సాయంత్రం ఆ గంటా కూడా నేకపోతే నేను కలాసీనే, మరేటీ కాను."

జమాలుద్దీన్ ఒక కాగితం నేల మీద పరిచాడు. "కాలెట్టు," అన్నాడు.

బూట్లు కుట్టడం అతనికి తెలియదు. దేముడి బూటు ఒకటి అడిగి తెచ్చుకుని, బంతిని తిప్పి చూసినట్టే రెండు రోజులు తిప్పి చూశాడు. అడుగున తోలు ముక్కలు మూడు పొరలుగా పేర్చి, మేకులు దిగగొట్టిన గుబ్బలు ఉన్నాయి. బురదలో జారకుండా పట్టు ఇచ్చేవి అవే. సింహాచలం వేళ్ళు విసనకర్రలా విచ్చుకున్న వేళ్ళు. వాటికి తగ్గట్టు ముందు భాగం వెడల్పు చేశాడు. మేకుల మొనలు లోపల ఎక్కడా కాలికి తగలకుండా అరచేయి పెట్టి పదే పదే తడిమాడు. గుబ్బలకు తోలు కావలసి వచ్చినప్పుడు, దూలం మీద ఆముదం పట్టించి దాచుకున్న పట్టా దించాడు.

భార్య సకీనాబీ చూసింది. "అది పెళ్ళి జట్కా జీనుకని దాసింది కాదేటి? ఆ సెప్పుల తోలు గట్టిగా ఉన్నాది, అది కోయరాదా?"

"గట్టిది ఎవడికి కావాలి? ఇంతకంటే మంచి తోలు ఈ ఊళ్ళో నేదు," అన్నాడు జమాలుద్దీన్.

నిజమే, అంతకంటే మంచి తోలు లేదు. గుర్రం వీపుకి.

బూట్లు తొడుక్కున్న సింహాచలం పంచలో నాలుగడుగులు వేసి, గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. వెంకటరమణ అతని పేరు రాశాడు.

పోటీ రోజున పొద్దుటి నుంచీ వాన. ఎదుటి జట్టు విశాఖపట్నం రేవులో పని చేసేవాళ్ళది. మైదానం చుట్టూ గొడుగులు, గోనె సంచుల ముసుగులు. మొదటి సగంలో సింహాచలం ఉత్తి కాళ్ళతో ఆడినట్టే ఆడాడు. వలి గొంతు పోయేలా అరిచాడు. "సూడు వెంకటరమణా, సూడు! నీ దేముడు ఎక్కడున్నాడు, గొడుగు కిందా?" జమాలుద్దీన్ గీత పక్కన తన పనిముట్ల సంచితో నిలబడి, ఆ కాళ్ళను తప్ప మరేమీ చూడలేదు. విరామం ముందు సింహాచలం ఒకసారి వంగి, బురదలోంచి ఏదో తీసి మొలలో దోపుకోవడం చూశాడు. తాయెత్తు జారిందనుకున్నాడు.

రెండో సగంలో రేవు జట్టువాడు ఒకడు సింహాచలం కాలికి అడ్డం వచ్చి కింద పడ్డాడు. మోకాలి కింద నుంచి మడమ దాకా నెత్తుటి గీత. వరదానం మేష్టారు విజిల్ ఊది, సింహాచలం కాలు పైకెత్తించి చూశాడు. కుడి బూటు అడుగున ఒక గుబ్బ లేదు. దాని మేకులు మూడూ తలలు పైకి పెట్టుకుని నిలబడి ఉన్నాయి.

"బయటికి నడువు. మేకులు తీయించుకుని వస్తే ఆడనిత్తాను," అన్నాడు మేష్టారు.

జనం గోల పెట్టారు. జమాలుద్దీన్ బురదలో కూలబడి, బావ కాలు ఒళ్ళో పెట్టుకుని పట్టుకారు అందుకున్నాడు. రెండు మేకులు వచ్చాయి. మూడోది జారిపోతోంది. "బేగి, బావా, బేగి," అంటున్నాడు సింహాచలం, కళ్ళు ఆట మీద పెట్టి. మూడో మేకు ఊడి చేతికి వచ్చేసరికి మైదానం ఆ చివర అరుపు లేచింది. ఎడమ వైపు ఖాళీలోంచి వచ్చిన బంతి గోలులో పడింది. ఆ రోజుకి అదొక్కటే గోలు.

ఆట ముగిశాక ఎవరో మేష్టారి మీదికి బురద ముద్ద విసిరారు. తరవాత మరొకరు. ఆయన కోటు విప్పి మడిచి చంకలో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పంచలో చోటు చాలలేదు.

"అమ్ముడుపోయేడు," అన్నాడు వలి. "మేకులంట! ఆట ఆపడానికో సాకు."

"ఆడు గీసుకుపోయింది మన బూటుకేనని ఎవడు సూసేడు?" అని మరొకరు.

"నే చెప్పేది వినండి, మేకులు బయటుండకూడదని నిబంధనలో ఉన్నాది," అన్నాడు వెంకటరమణ. అతని మాట ఎవరూ విననేలేదు.

జమాలుద్దీన్ జేబులో మూడు మేకులూ ఉన్నాయి. మేకు నిలిచింది, తోలు చిరిగింది. వానకి నానిన మెత్తని తోలు మేకు తలల మీదుగా పొరలు పొరలుగా ఊడి వచ్చేసింది. ఆ సంగతి అతనికి మైదానంలోనే తెలిసింది. చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. గోడకు వేలాడుతున్న జీనుల వైపు చూసి రెండుసార్లూ మూసుకున్నాడు.

నాలుగో రోజున పోటీ నడిపేవాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. సింహాచలం ఎదుటివాళ్ళను గాయపరచాలని మేకులు బయటపెట్టుకుని ఆడాడని రేవు జట్టు ఫిర్యాదు చేసిందట. అతన్ని జట్టులోంచి తీసేస్తే తప్ప వచ్చే ఏడు అనకాపల్లికి చోటు లేదట. వెంకటరమణ ఆ ఉత్తరం చదువుతుండగానే జమాలుద్దీన్ లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది. జీను తోలు పెట్టేను. గుబ్బలకి గట్టి తోలుండాల. మెత్తంది పెట్టేను, నానిపోయి ఊడిపోయింది. మేష్టారు సేసింది న్యాయం. సింహాచలానికి ఏటీ తెలీదు. ఆ మాట రాయండి, నేను వేలిముద్రేత్తాను."

వలి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. వలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీలాటి నేస్తం ఎవడికుంటాడు! ఆడి కోసం నీ సేతి పనికే మచ్చెట్టుకుంటన్నావు. నీ తోలు ఊడిపోద్దా? నా గుర్రాన్నడుగు, సెప్తాది."

"నిజం సెప్తన్నాను వలీ."

"అలాగే, అలాగే. కూకో."

వెంకటరమణ నిట్టూర్చాడు. "రాసినా నమ్మరు సాయిబూ. నేస్తుడి మాట అంటారు. మేష్టారు చెప్తే నమ్ముతారు గాని, ఆయన విజిల్ మా కొట్లో పడేసి వెళ్ళిపోయేడు. మరి రానన్నాడు."

కాగితం మీద సింహాచలం పేరు కొట్టేసి దేముడు అని రాశారు.

జమాలుద్దీన్ ఆ పొద్దు గూకేలోగా బజారుకు వెళ్ళాడు. సింహాచలం కాటా పక్కన బస్తా గోనెల మీద కూర్చుని ఉన్నాడు. చెప్పవలసిందంతా విన్నాడు. ఆశ్చర్యపోలేదు. మొల ముడి విప్పి ఏదో తీసి అతని చేతిలో పెట్టాడు. మూడు పొరల తోలు ముక్క. నడిమధ్యన మేకులు చీల్చుకుపోయిన మూడు కంతలు. ఇంకా ఆముదం వాసన వస్తోంది.

"మొదటి సగంలోనే ఊడింది బావా. తీసి దాసేను."

జమాలుద్దీన్ ఆ కంతల మీద బొటనవేలు పెట్టి తడిమాడు.

"కాలు కింద మేకులు తగుల్తన్నట్టు తెలస్తానే ఉన్నాది. సెప్తే బయటకి పొమ్మంటారు. బయటకెల్తే మరి పిలవరు. అందరి ముందర నీ పని ఊడిపోయిందని తెలుత్తాది, అదొకటి. అయితే అది తరవాత మాట. ముందు నాకు ఆడాలనే ఉన్నాది." మొల ముడి మళ్ళీ బిగిస్తూ అన్నాడు. "ఆ పిల్లోడి కాలు బాగా తెగింది కదేటి?"

"తెగింది."

"వరదానం మేష్టారికి నువ్వైనా సెప్పు బావా. నాకు మొకం సెల్లదు."

జమాలుద్దీన్ మర్నాడు మిషన్ బడి దాకా వెళ్ళాడు. డ్రిల్లు చేయిస్తున్న మేష్టారు అతన్ని చూసి, నమస్కారం పెట్టి, పిల్లల వైపు తిరిగిపోయాడు. గేటు దగ్గర చాలాసేపు నిలబడి జమాలుద్దీన్ తిరిగి వచ్చేశాడు.

మరుసటి వానాకాలానికి విశాఖపట్నం నుంచి కొత్త రిఫరీ వచ్చాడు. పంచలో వాదనలు మళ్ళీ మొదలయ్యాయి. దేముడు ఇప్పుడు కళ్ళు మూసుకోవడం లేదనీ, అయినా ఎడమ వైపు ఖాళీగానే ఉంటోందనీ వలి అనేవాడు. సింహాచలం ఆ రోడ్డున బెల్లం బళ్ళతో పోతూ, పంచ ఎదురుగా వచ్చేసరికి బండికి అవతలి పక్కకు మారి నడిచేవాడు. జమాలుద్దీన్ బంతులు కుట్టడం మానలేదు. కాని మైదానానికి వెళ్ళడం మానేశాడు. పాత రిఫరీ అమ్ముడుపోయిన కథ కొత్తవాళ్ళకి ఎవరైనా చెప్పబోతే, చేతిలో పనేమీ లేకపోయినా సుత్తి అందుకుని, ఖాళీ బల్ల మీద ఆ కథ అయ్యేదాకా కొడుతూ కూర్చునేవాడు.