కమాండ్ల పుట్టిల్లు వెతికే బాబాయ్

మా ఆఫీసు బాబాయ్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. కంప్యూటర్లో ఏ కమాండు వాడాల్సి వచ్చినా సరే, ముందు దాని పుట్టిల్లు ఎక్కడో కనుక్కోవాలి. అంటే దాన్ని ఎవరు రాశారు, ఆ రాసిన సోర్సు కోడు ఎక్కడ దొరుకుతుంది, లోపల ఏముంది, అన్నీ కళ్ళారా చూడాలి. చూసేదాకా ఆయన చెయ్యి ఎంటర్ మీట వైపు కదలదు.

నల్లటి తెర మీద రెండక్షరాలు కొడతాం, పనైపోతుంది. లోకమంతా హాయిగా ఇలాగే బతుకుతోంది. బాబాయ్‌కి మాత్రం అది చాలదు.

"ఎల్‌ఎస్ అని కొడితే ఫైళ్ళ పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి కదా బాబాయ్, ఇంకేం కావాలి మీకు?"

"కనిపిస్తాయమ్మా, కాదనను. చూపిస్తున్నదెవరు? ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతుల్లో ఫైళ్ళు ఎలా పెడతాం?"

ఆయన నాకు సొంత బాబాయేం కాదు. ఆఫీసులో అందరికీ బాబాయే. జనం అల్మారాల్లో మగ్గుతున్న పాత ఫోటో ఆల్బమ్‌లు తెచ్చిస్తే స్కాన్ చేసి, మరకలు తుడిచి, కంప్యూటర్లో సర్ది ఇవ్వడం మా పని. ఆ కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండేది బాబాయ్. ఆయన పక్క కుర్చీ నాది. నా ఖర్మ అలా కాలింది.

చేరిన కొత్తలో, ఫైళ్ళలో ఒక మాట ఎక్కడుందో వెతకడం ఎలాగని ఆయన్ని అడిగాను. అడిగిందే పాపం, కుర్చీ లాక్కుని వచ్చేశాడు.

"దానికి గ్రెప్ ఉంది. మంచి పిల్ల. సొంతిల్లు, వేరు కాపురం. ఎల్‌ఎస్, సీపీ, సార్ట్ వగైరాలది ఉమ్మడి కుటుంబం, ఇంటిపేరు కోర్‌యుటిల్స్. చాలామంది ఎల్‌ఎస్ సోర్సు కావాలని ఎల్‌ఎస్ పేరుతో వెతుకుతారు. ఈ జన్మకి దొరకదు. ఇంటిపేరుతో వెతకాలి."

"మరి ఒక ఫోల్డర్లోంచి ఇంకోదాంట్లోకి తీసుకెళ్ళే సీడీ?" అన్నాను, ఊరుకోలేక.

"దానికి సొంతిల్లేదీ? ఇల్లరికం అల్లుడు. మనం కొట్టిన ముక్కలన్నీ వినే షెల్లు ఉంది చూశావూ, ఆ ఇంట్లోనే పడుంటుంది."

"పోనీ, మనం కొట్టిన మాటే తిరిగి చూపించే ఎకో?"

బాబాయ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దానికి రెండిళ్ళు. షెల్లులో ఒకటి, బయట ఒకటి. నలుగురిలో అనకు, బాగోదు."

ఈ వంశవృక్షం పూర్తయ్యేసరికి భోజనాల వేళ దాటిపోయింది. నాకు కావలసిన మాట నాకు దొరకనే లేదు.

ఇంట్లోనూ ఇదే తంతు. పిన్ని నాకు ఫోన్ చేసి వాపోయేది. "కుళాయి కారుతోందంటే, అసలిది లోపల ఎలా తయారైందో చూస్తానని ఊడదీశాడే మీ బాబాయ్! వంటింట్లో మోకాళ్ళలోతు నీళ్ళు. ఈయన ఆ మధ్యలో నిలబడి, ఎంత బాగా చేశాడో మహానుభావుడు, అంటూ ఆ కుళాయి చేసినవాణ్ణి మెచ్చుకుంటున్నాడు!"

ఇలా రోజులు సాఫీగా గడుస్తుండగా ఒకరోజు పొద్దున్నే కొత్తమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాని పిల్ల. అయిపోతుందన్న ధైర్యంతో మొన్ననే హాస్టల్ వదిలి చిన్న గది అద్దెకు తీసుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ఫోటోలన్నీ పోయాయి."

"పోవడమేంటే? కాళ్ళొచ్చాయా?"

"ఒక్కటి మిగిలింది."

వెళ్ళి చూశాను. ఒక పెద్ద కుటుంబం ఇచ్చిన ఆల్బమ్‌లు, రోజుల తరబడి కూర్చుని స్కాన్ చేసినవి. తాతలూ ముత్తాతలూ పెళ్ళికూతుళ్ళూ అందరూ మాయం. మిగిలిన ఒక్క ఫోటోలో ఎవరో చుట్టం నోరంతా తెరిచి ఆవులిస్తున్నాడు.

జరిగింది ఇదీ. ఫైలును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే కమాండు ఎంవీ. ఒక్కో ఫోటోనూ తీసి 'ఆల్బమ్' అనే ఫోల్డర్లో పెట్టమని పిల్ల దానికి చెప్పింది. కానీ ఆ ఫోల్డర్ను వేరేచోట తయారుచేసి, కమాండు ఇక్కడ నడిపింది. ఎంవీకి ఇక్కడ అలాంటి ఫోల్డరేదీ కనపడలేదు. సరే, ఈ ఫోటో పేరు మార్చి 'ఆల్బమ్' అని పెట్టమంటున్నారు కాబోలు అనుకుని పెట్టేసింది. రెండోదానికీ అదే పేరు పెట్టింది, దాంతో మొదటిది చెరిగిపోయింది. అలా ఒకదాన్ని ఇంకోటి మింగుతూ పోయి, ఆఖరికి ఆవులింత మిగిలింది.

స్కాన్ చేసినవాటికి నకలు ఇంకా తీయలేదు. అసలు ఆల్బమ్‌లు బీరువాలో భద్రంగానే ఉన్నాయి గనక మళ్ళీ స్కాన్ చేసుకోవచ్చు. కానీ ఆ మాట సారుకి చెప్పేదెవరు? ఈ ఆఫీసు నడిపే మా సారుకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

చెప్పేలోపే ఆయనకి తెలిసిపోయింది. గదిలోంచి విసురుగా వచ్చి, "ఎవరు చేసిందిది?" అని అరిచారు.

"నేనే సార్," అంది పిల్ల.

"ఫోల్డర్ ఉందో లేదో చూసుకోవద్దూ? చిన్నపిల్లలు కూడా చెయ్యరు ఈ పని! రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

పిల్ల పెదవులు వణికాయి. సరిగ్గా అప్పుడు బాబాయ్ లేచాడు.

"ఒక్క నిమిషం సార్. అసలు ఈ ఎంవీ పుట్టిల్లు ఎక్కడ?"

నెత్తి కొట్టుకున్నాను. కొంప మునిగి పిల్ల ఏడవబోతుంటే ఈయన గోల ఈయనది!

"ఇప్పుడది అవసరమా బాబాయ్?" అన్నారు సారు పళ్ళు కొరుకుతూ.

"తప్పు అమ్మాయిదో, కమాండుదో తేలాలి కదండీ. నాకు కళ్ళు ఆనడం లేదు, మీరే కాస్త కూర్చుని వెతికిపెట్టండి." తన కుర్చీ సారు వెనక్కి జరిపాడు. సారు కూర్చోక తప్పలేదు. బాబాయ్ ఈలోగా పిల్ల చెవిలో ఏదో చెప్పి మూలనున్న కంప్యూటర్ దగ్గరికి పంపేశాడు. సారు కంట పడకుండా దాస్తున్నాడనుకున్నాను.

సారు ఎంవీ అని కొట్టి వెతికారు. ఓడల పేర్ల ముందు కూడా ఎంవీ అనే ఉంటుంది కాబోలు, ఓడలు వచ్చాయి. తెరనిండా రకరకాల ఓడలు. "ఇదేంటయ్యా!" అన్నారు. మేమంతా చుట్టూ మూగాం. "ఇంకోలా వెతకండి సార్," అన్నారొకరు. "అటు కాదు, ఇటు నొక్కండి," అన్నారింకొకరు. బాబాయ్ మాత్రం అమాయకంగా, "ఇంటిపేరేమై ఉంటుందో సార్!" అంటూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంవీ ఎవరింటి పిల్లో ఈయన్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు!

ఎట్టకేలకు కోర్‌యుటిల్స్ దొరికింది. దొరికేసరికి సారు మొహం వెలిగిపోయింది. సోర్సు తెరిచి, మధ్యలో ఉన్న వివరణలు ఒక్కొక్కటే చదువుతూ, "గమ్యం ఫోల్డరైతే లోపల పెడుతుందట. కాకపోతే దాన్నే కొత్త పేరు అనుకుంటుందట," అన్నారు. "ఉన్నదాన్ని చెరిపే ముందు అడగదుటయ్యా! అడగమని మనం చెప్తేనే అడుగుతుందిట."

"అయితే పొరపాటు ఎవరైనా చేయొచ్చంటారా సార్?" అన్నాడు బాబాయ్.

సారుకి మళ్ళీ రోషం వచ్చింది. "ఎవరైనా ఎందుకు చేస్తారు? నేను చేసి చూపిస్తాను, చూడు!"

ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ అందేచోట తను దాచుకున్న విహారయాత్ర ఫోటోలు తెరిచారు. మౌసుతో టకీమని ఒక ఫోల్డర్ చేశారు. అమ్మాయి వాడిన కమాండే కొట్టి, ఠీవిగా ఎంటర్ నొక్కారు. తర్వాత ఫోల్డర్ తెరిచి చూశారు. ఖాళీ. ఆయన చేసిన ఫోల్డర్ ఒకచోట ఉంది, కమాండు ఇంకోచోట నడిచింది. ఫోటోలున్న చోట ఇప్పుడు మిగిలింది ఒక్కటే, అదీ ఆయన బొటనవేలు అడ్డం పడ్డ ఫోటో.

సారు నుదుటి మీద చెమట పట్టింది.

"మా ఆవిడకి ఏం చెప్పను?" అన్నారు నీరసంగా.

మూలనుంచి పిల్ల లేచి వచ్చింది. "భయపడకండి సార్. ఎందుకైనా మంచిదని బాబాయ్ చెప్తే మీ ఫోటోలన్నీ ఇందాకే నకలు తీసిపెట్టాను. ఒక్కటీ పోలేదు."

సారు ఆ అమ్మాయి వైపు చూశారు. ఖాళీ ఫోల్డర్ వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"రేపు రావద్దన్నాను కదూ నిన్ను?"

"అవును సార్."

"కాస్త పెందరాళే రా. ఆ ఆల్బమ్‌లన్నీ మళ్ళీ స్కాన్ చేయాలి." గదిలోకి వెళ్ళిపోయారు. పిల్ల ఆ నిమిషందాకా ఆపుకున్న ఏడుపంతా నా భుజం మీద కుమ్మరించింది.

సాయంత్రం నేను బాబాయ్‌ని నిలదీశాను. "ఎంవీ పుట్టిల్లు మీకు తెలీదా?"

"తెలుసమ్మా."

"మరి సారుని ఎందుకు అంతసేపు తిప్పారు?"

"నిలబడ్డ మనిషి ఒకరి ఉద్యోగం పీకేసినంత తేలిగ్గా కూర్చున్న మనిషి పీకలేడు. కూర్చోబెట్టాలంటే ఏదో ఒక పని చెప్పాలిగా."

అప్పుడు నాకు బుర్ర వెలిగింది. మామూలు రోజుల్లో బాబాయ్ తన మానాన తను ఒంటరిగా వెతుక్కుంటాడు. ఎవరైనా చిక్కులో పడ్డ రోజున మాత్రం పదిమందినీ పోగేసి వెతుకుతాడు. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని ఇది గమనించనే లేదు. ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది గానీ, పైకి చెప్తే మళ్ళీ కుర్చీ లాక్కుని వస్తాడని ఊరుకున్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికే స్కానర్ దగ్గర ముగ్గురున్నారు. బాబాయ్ ఆల్బమ్ దుమ్ము తుడుస్తున్నాడు. అమ్మాయి ఫోటోలు సరిచేసి పెడుతోంది. మీట నొక్కే పని సారు తీసుకున్నారు. వేలు మీట మీద ఆనించి, ప్రతి ఫోటోకీ ఆగి ఆమె వైపే చూస్తున్నారు.

"నొక్కమంటావా అమ్మా?"

"నొక్కండి సార్," అంటోంది కొత్తమ్మాయి, నవ్వు దాచుకుంటూ.